వేదికకు మెట్లెన్ని?



ద్వారం వేంకటస్వామినాయుడుగారి స్మృత్యర్థము ప్రసంగింపుమని నన్ను కోరినప్పుడు, వారి కమాను నడకను గూర్చియో, ఫిడేలు తంత్రులపై వారు పలికించిన గాత్రధర్మమును గూర్చియో చెప్పగల అధికారము నాకు లేదనియు, ఆ విద్యను వివరింపదగినవారు ఈ సభయందే పలువురు కలరనియు మనవి చేసికొంటిని. అయినను వారి జీవితమునందు చిరకాలముగా నన్ను వెన్నంటి వచ్చుచున్న విషయమొకటి కలదు. అది వారి చూపునకు సంబంధించినది.

1893లో జన్మించిన నాయుడుగారికి చిన్ననాటినుండియు చూపు మందము. నల్లబల్లమీది అక్షరములు కానరాని పిల్లవాడు బడిలో ఎంతకాలము నిలువగలడు? బడిచదువు నడుమనే ఆగిపోగా, ఇంటనే అన్నగారైన వేంకటకృష్ణయ్యగారు ఆ బాలుని చేతికి ఫిడేలునిచ్చి స్వరములు నేర్పిరి. 1919లో విజయనగరమున మహారాజావారి సంగీతకళాశాల వెలసినప్పుడు, విద్యార్థిగా చేరవలెనని వెళ్లిన ఆ 26 ఏండ్ల యువకుని వాదనము విని, ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులుగానున్న ఆ కళాశాలవారు ఆయనను విద్యార్థిగా గాక ఆచార్యునిగానే గ్రహించిరని పెద్దలు చెప్పుదురు. 1936లో ఆయన ఆ కళాశాలకే అధ్యక్షులైరి. 1941లో సంగీతకళానిధి బిరుదమునందిరి. బడిలో ఇమడలేకపోయిన కన్నులును, కళాశాలాధ్యక్షపీఠమున కూర్చున్న కన్నులును ఒక్కటే. మాఱినది ఆయనను అడిగిన ప్రశ్న. ఒకచోట ‘బల్లమీద వ్రాసినది చదువుము’ అనిరి. మఱియొకచోట ‘ఏదీ, వాయింపుము, విందము’ అనిరి. అంగవైకల్యము గలవారికిని మన రంగస్థలకళలకును గల సంబంధమును గూర్చి నేనీనాడు చెప్పబోవు మాటయంతయు ఈ రెండు ప్రశ్నల నడుమనే యున్నది.

ఆ కళాశాల పుట్టుకను గూర్చి విజయనగరమున నొక కథ వాడుకలో నున్నది. మహారాజు విజయరామగజపతివారి కొలువులో ఉద్యోగియైన చాగంటి జోగారావుగారికి చూపులేని కుమారుడొకడుండెననియు, ఆ బాలునికి సంగీతము చెప్పించు మార్గమేదియని విచారించుటలోనుండియే కళాశాల యనెడి తలంపు మహారాజునకు కలిగినదనియు చెప్పుకొందురు. ఒక బాలునికొఱకే యైనచో ఇంటికి గురువును పంపినను సరిపోయెడిది. సంస్థానాధీశ్వరునికి అదెంత పని? అట్లు చేయక పాఠశాలనే నెలకొల్పి, ఆ పిల్లవానిని నలుగురు పిల్లల నడుమ చాపమీద కూర్చుండబెట్టిన ఆలోచనయందు నాకు గొప్ప ఔచిత్యము కనబడుచున్నది. ఇంటికి గురువు వచ్చినచో వానికి విద్య మాత్రమే లభించియుండును. కళాశాలకు వెళ్లుటవలన సహాధ్యాయులును, పోటీయును, పొరపాటు పాడినప్పుడు ప్రక్కవాడు నవ్విన నవ్వును, తానును ప్రక్కవానిని దిద్దగల స్వాతంత్ర్యమును లభించును. తరువాతికాలమున ఘంటసాల వేంకటేశ్వరరావుగారు అచటనే సంగీతము నేర్చిరి, పి. సుశీలగారును అచటనే చదివిరి. చూపులేని యొక్క పిల్లవానిని తలచుకొని తెఱచిన తలుపులోనుండి చూపుగల తరతరముల విద్యార్థులు లోనికి నడచిరి.

ఇక నా అపరాధమునొకదానిని ఈ సభయందు ఒప్పుకొనవలసియున్నది. కొన్నేండ్ల క్రిందట కోస్తాలోని యొక పట్టణమున జరిగిన సంగీతోత్సవమునకు నేను ఆహ్వానసంఘములో నొకడను. రెండవనాటి సాయంకాలపు కచ్చేరి ఒక గాయనీమణిది. శైశవమున పోలియో సోకి కాళ్లు రెండును చచ్చుబడినందున ఆమె చక్రాలకుర్చీలో తిరుగును. పూలదండలెన్ని, మైకులెన్ని, తంబురా వేయువారెవరు, విద్వాంసులకు కాఫీఫలహారములెచ్చట అని సమస్తమును కాగితముమీద వ్రాసికొంటిమి. వేదికకు మెట్లెన్నియో మాలో నొక్కరును లెక్కపెట్టలేదు. ఏడు మెట్లు. ఆమె వాటి యెదుట కుర్చీ నాపుకొని క్షణకాలము పైకి చూచినది. ఇద్దరు యువకులు పరుగున వచ్చి కుర్చీతో సహా ఆమెను ఎత్తిరి. మూడవ మెట్టువద్ద కుర్చీ ఒకవైపునకు ఒరిగెను. ఆమె కుచ్చిళ్లను ఒక చేతితోను, కుర్చీకమ్మిని రెండవ చేతితోను గట్టిగా పట్టుకొనెను. ముందువరుసలో నెవరో చప్పట్లు కొట్టిరి. అది విని సభయంతయు కొట్టినది. అటుపిమ్మట ఆమె కల్యాణి యెత్తుకొని, తొందరయన్నది లేక, ఒక్కొక్క స్వరమును గడపదాటించినట్లు విస్తరించి పాడినది. కచ్చేరి ముగిసిన పిదప నేను క్షమాపణ చెప్పబోగా ఆమె అన్న మాట యిది: “మెట్లు ఎక్కించేటప్పుడు చప్పట్లు కొట్టారు మాస్టారూ. పాట అయ్యాకా కొట్టారు. ఆ రెండోసారి కొట్టిన వాటిలో పాటకి ఎన్ని, మెట్లకి ఎన్ని? అది నాకు తెలియాలి కదండీ.”

ఆ ప్రశ్నకు నేనానాడు సమాధానము చెప్పలేకపోతిని. కళాకారునికి ప్రశంసయే గదా దర్పణము. ఆ దర్పణమును జాలితో మసకబాఱజేసినచో తన విద్య ఎంతవరకు వచ్చినదో ఆతడెట్లు తెలిసికొనును? దూషణమువలన కలుగు నష్టమును మనమందఱమును ఎఱుగుదుము. అర్హతను చూడకుండ కురిపించు దయవలన కలుగు నష్టము అంతకంటె సూక్ష్మమైనది.

విద్యను చూడక దేహమును మాత్రమే చూచు ఈ దృష్టిదోషము మనకెప్పటిదని విచారించితిని. నాట్యశాస్త్రమును గౌరవింపనివాడు భారతీయకళలను గూర్చి మాటాడనర్హుడని నా విశ్వాసము. ఆ గౌరవముతోడనే చెప్పుచున్నాను. హాస్యరసమునకు భరతముని చెప్పిన విభావములలో వికలమైన అంగములను చూచుట యొకటి. విదూషకుడెట్లుండవలెనో చెప్పుచు పొట్టివాడనియు, గూనివాడనియు, పండ్లు బయటికి వచ్చినవాడనియు, బట్టతలవాడనియు లక్షణములు చెప్పబడినవి. నందికేశ్వరుని అభినయదర్పణము ఇంకను ముందునకు పోయి నర్తకిగా పనికిరానివారిని పదిమందిని పేర్కొన్నది: అందు కంటిలో పూవు గలది మొదటిది, మిక్కిలి పొట్టిది, మిక్కిలి పొడుగుది, గూనిది, స్వరము లేనిది మొదలైనవారందఱును ఆ జాబితాలో చేరినవారే. మన పల్లెలలో మసూచివలననో, కంటిజబ్బువలననో నల్లగ్రుడ్డుపై తెల్లమచ్చ ఏర్పడిన పిల్లను చూచి ‘కంటిలో పువ్వు పడినది’ అని ఇప్పటికిని అందురు. మాట ఎంత మృదువైనది! అయినను ఆ పువ్వు పడిన పిల్లకు గజ్జెకట్టు యోగ్యత లేదని శాస్త్రము తీర్పు చెప్పినది. చెప్పి కొన్ని శతాబ్దములైనను, నాట్యము నేర్చుకొనవచ్చిన పిల్లను ముఖము మొదలు పాదములవఱకు పరికించిచూచు మన చూపులో ఆ తీర్పు ఇంకను అమలులోనే యున్నది.

కాని శాస్త్రమునందే దీనికి విరుగుడును కలదని నాకు తోచుచున్నది. లోకధర్మియనియు, నాట్యధర్మియనియు భరతుడు రెండు విధములు చెప్పెను. రంగముపై నాలుగడుగులు వేసినచో నూఱామడలు నడచినట్లు ప్రేక్షకుడు గ్రహించుట నాట్యధర్మి. పురుషుడు స్త్రీపాత్రను ధరించుట నాట్యధర్మి. వేదాంతం సత్యనారాయణశర్మగారు జడ వెనుకకు విసరి సత్యభామయై ప్రవేశించినప్పుడు ఆయన పురుషదేహము మనకేమి అడ్డమాయెను? ఆ దేహమును మఱచుట యని కొందఱందురుగాని, నేనొప్పుకొనను. ఆ దేహమును చూచుచునే, దానిలోనుండి పుట్టిన భామను చూచితిమి. ఇంతటి భావనాశక్తి గల ప్రేక్షకుడు చక్రాలకుర్చీలో కూర్చున్న యువతిని శకుంతలగా చూడలేడా? తోలుబొమ్మకు కనురెప్ప కదలదు, పెదవి విరియదు. అయినను సీతమ్మ దుఃఖమునకు మన పల్లెజనము తెల్లవార్లు కన్నీరు కార్చిరి. కూచిపూడివారి తరంగమును తలచుకొనుడు. నర్తకి పాదములను ఇత్తడిపళ్లెరపు అంచులపై నిలిపికొని, నేలపై స్వేచ్ఛగా తిరుగగల పాదములకు తానై బంధము కల్పించుకొని, ఆ బంధములోనుండియే లయను పుట్టించును. హద్దును కోరి తెచ్చుకొని దానినే శోభగా మలచిన సంప్రదాయము మనది. దేహముతో వచ్చిన హద్దును మాత్రము అనర్హతయని త్రోసివేయుటకు ఈ సంప్రదాయమునందు ఆధారము లేదు.

సంగీతమునకు ఈ విషయమున కొంత మేలైన చరిత్ర కలదు. గురుముఖతః నేర్చు విద్య యగుటచేత, చూపులేనివారికి అది సహజముగానే అందినది. గదగునందలి వీరేశ్వరపుణ్యాశ్రమమును గూర్చి మీలో పలువురు వినియుందురు. పుట్టుకతో చూపులేని పంచాక్షరి గవాయిగారు (1892–1944) వేసిన ఆ బీజమును, శైశవమునందే చూపు కోల్పోయిన పుట్టరాజ గవాయిగారు 2010లో తాము పరమపదించువఱకు పెంచి, అంధబాలురకు, అనాథలకు అన్నము పెట్టి సంగీతము నేర్పిరి. ఆశ్రమపోషణకొఱకు పుట్టరాజులవారు నాటకములు వ్రాసి, నాటకసమాజమును నడపి ఊరూర ఆడించిరి. చూపులేని గురువు నాటకకర్త యై, దానిపై వచ్చిన ద్రవ్యముతో చూపులేని శిష్యులను పోషించుట సామాన్యమైన విషయము కాదు. అచట దాతయు, గ్రహీతయు, ఆచార్యుడును, అధికారియు చూపులేనివారే.

వంగదేశమున కృష్ణచంద్రదేగారు (1893–1962) కౌమారమున దృష్టి కోల్పోయియు కలకత్తా రంగస్థలముపైనను, తరువాత న్యూ థియేటర్సువారి చిత్రములయందును ఆరాధనీయులైరి. సచిన్‌దేవ్ బర్మనుకు గురువు, మన్నాదేకు పినతండ్రి. అయినను చిత్రములలో ఆయనకు తఱచుగా లభించినది దారిప్రక్కన పాడుకొనుచు పోవు అంధగాయకుని వేషమే. అంధుడు పాడవచ్చును, అంధుడుగానే పాడవలెను. ప్రేమించువాడుగా, కోపించువాడుగా, కుట్ర పన్నువాడుగా రంగమునకు రారాదు. ఈ అనుమతి ఎంత ఇఱుకైనదో రైలుపెట్టెలో ఒక చేత తాళములు, మఱియొక చేత డబ్బాతో పాడుచు వచ్చు చూపులేని గాయకుని తలచుకొన్నచో తెలియును. ఆతని శ్రుతి సరిగా నున్నదా లేదా యని మనలో నెవరైనను ఏనాడైనను విన్నామా? జేబు తడవుకొనుచు విన్నాము. ఆ వినుట వేఱు.

నాట్యమునకు వచ్చుసరికి తలుపు మఱింత బిగువు. 1981లో రోడ్డుప్రమాదమున కాలు కోల్పోయిన సుధాచంద్రన్‌గారు జయపూరు పాదము ధరించి 1984 జనవరిలో బొంబాయి రంగముపై మరల భరతనాట్యము చేసిన కథ తెలుగువారికి కొత్తది కాదు. ఆమె కథనే సింగీతం శ్రీనివాసరావుగారు ‘మయూరి’గా తీయగా, ఆమెయే అందు నటించినది. ఈ కథలో మనము తఱచుగా మఱచునది ఆ పాదము. 1968లో జయపూరునందు రామచంద్రశర్మయను శిల్పియు, డాక్టరు పి. కె. సేథీగారును కూడి దానిని రూపొందించిరి. విదేశమునుండి వచ్చు కృత్రిమపాదములు బూటు తొడిగికొని కుర్చీలలో కూర్చుండువారికి తగినవి. మనమో వట్టికాళ్లతో గడప దాటుదుము, పొలమున బురదలో దిగుదుము, నేలపై బాసెపట్లు వేసి కూర్చుందుము. ఈ దేశపు జీవనము నెఱిగిన శిల్పి చేతిలో రబ్బరుతోను, కొయ్యతోను వట్టిపాదముగా నిలువగల పాదము తయారైనది. బూటు విడువలేని పాదమైనచో నాట్యరంగమునకు అది పనికివచ్చెడిది కాదు. ఆ యువతి దీక్ష ఎంత గొప్పదో, రైతునకు బురదలో నడక రావలెనని తపించిన ఆ శిల్పి యోచనయు అంత గొప్పది. అయినను దీక్షను గూర్చి చిత్రములు తీసితిమి, పనిముట్టును గూర్చి తలంచుట మానితిమి.

తట్టడవులో పాదము నేలను సమతలముగా మోదవలెను. కండగల పాదమునకు నేల ఎంత దూరమున నున్నదో మడమయే చెప్పును. కృత్రిమపాదమునకు ఆ వార్త లేదు. మోకాలు, తుంటి, నడుము ఆ వార్తను క్రొత్తగా నేర్చుకొనవలెను. అరమండిలో చీలమండ వంగని యెడల బరువంతయు రెండవ కాలిపై పడును. ఇట్టి సాధనలో చర్మము చిట్లును, రక్తము కారును. ఇంతటి సాధనను చూచి లోకమేమన్నది? ‘కృత్రిమపాదమని తెలియనే తెలియదు’ అన్నది. ఇది మనసార అన్న ప్రశంసయే. కాని వైకల్యము కనబడకుండ దాచగలిగిననే కళకు అర్హత యన్న నియమము దీనిలో నిగూఢముగా నున్నది. దాచలేనివారి గతి యేమి?

తెలుగు చలనచిత్రములలో ఉదాత్తమైన తలంపుతో తీయబడినవానిని గూర్చియు ఒకమాట చెప్పవలెను. కె. విశ్వనాథ్‌గారి ‘సిరిసిరిమువ్వ’లో నాయిక మాటలు రాని నర్తకి, ‘సిరివెన్నెల’లో నాయకుడు చూపులేని వేణువాదకుడు, నాయిక మూగయైన చిత్రకారిణి. వైకల్యము గలవారిని హాస్యమునకు గాక, కళాస్రష్టలుగా, ప్రేమపాత్రులుగా నిలిపినందుకు ఆ చిత్రములకు నేను ఋణపడియున్నాను. ఆ పాత్రలను ధరించినవారు కన్నులు గలవారును, మాట గలవారును. నటుడు తాను గానిదానిని అభినయించుటయే నటన యని పెద్దలనవచ్చును. ఆ వాదము న్యాయమైనదే. అయినచో అది రెండువైపులను పారవలెను గదా? కన్నులున్నవాడు ధృతరాష్ట్రుడు కావచ్చునన్నచో, కన్నులు లేనివాడు దుర్యోధనుడు కావచ్చును. ఈ రెండవది జరుగు రంగస్థలమును నేనింకను చూడలేదు.

అద్భుతవ్యక్తుల కథలు చెప్పుటతో మన కర్తవ్యము తీరదని నా మనవి. వీథిచివరి నాట్యపాఠశాలలో సాయంకాలము ఐదుగంటలకు ఇరువదిమంది పిల్లలు ‘తై యా తై’ చెప్పుకొనుచు అడవులు వేయుదురు. వారిలో గొప్ప నర్తకి యగునది ఒకతెయో, ఎవరును లేరో. అయినను ఇరువదిమందికిని గజ్జె కట్టుటకును, తప్పు వేయుటకును, వార్షికోత్సవమున గుంపునృత్యములో మూడవవరుసన నిలుచుటకును హక్కున్నది. వినికిడి లేని పిల్లకు, నడక సరిగా లేని పిల్లకు ఈ మూడవవరుస దొరకదు. ఆమె సుధాచంద్రన్ కావలెను, లేనిచో ఇంట కూర్చుండవలెను. సామాన్యులకు సామాన్యముగా కళనభ్యసించు అవకాశమిచ్చిననే సమాజము తలుపు తెఱచినదని చెప్పదగును.

ఇట్టి పిల్లలకు నేర్పుట సాధ్యమా యని అడుగువారికి నేను కన్నులార చూచినదానిని చెప్పెదను. చూపులేని బాలుర నాటకాభ్యాసమును నేనొకమాఱు చూచితిని. వేదిక అంచునకు రెండడుగుల ఇవతల, ఈ చివరనుండి ఆ చివరవఱకు ఒక గోనెపట్టాను పఱచి మేకులు కొట్టిరి. వట్టికాలికి నున్నని పలక తగులునంతవఱకు బాలుడు ఆవేశముగా పరుగెత్తును. గరుకు తగిలినదో, అచటనే నిలుచును. చూచువారికి ఆతడు కోపముచే ఆగినట్లుండెను. చూపులేని యొక పిల్లకు ముద్రలు నేర్పు అమ్మగారొకరు తన కుడిచేతిని చాచి, “పట్టి చూడమ్మా” అనగా, ఆ పిల్ల తన రెండుచేతులతో గురువు పతాకహస్తమును తడవి, బొటనవ్రేలు ఎంత ముడుచుకొన్నదో, తక్కిన వ్రేళ్లు ఎంత బిగువుగా నున్నవో, మణికట్టు ఎటు వాలినదో తెలిసికొని తాను పట్టును. చూచి నేర్చిన పిల్లలలో పలువురికి కుదురని మణికట్టు బిగువు ఆ పిల్లకు కుదిరినది. చూపు ఆకారమును చెప్పును గాని బిగువును చెప్పదు. చేయి ఎచటికి పోవునో చూపు అచటికి పోవలెనన్న నియమమునకు ఆమె యేమి చేయునని నేనడుగగా, ఆ అమ్మగారు “మెడ తిప్పడం నేర్పాను. ముఖం చేతివైపు తిరిగితే చాలు, మిగిలింది చూసేవాళ్లు చూసుకుంటారు” అనెను. నాట్యధర్మికి ఇంతకంటె సులభమైన వ్యాఖ్యను నేనెచటను చదువలేదు.

వినికిడి లేనివారికి తాళము నేలనుండి వచ్చును. కొయ్యపలకలు పఱచిన గదిలో నట్టువాంగపు కఱ్ఱను బలముగా తట్టినచో, ఆ అదురు పాదములకు ఎక్కును, సిమెంటునేలపై ఎక్కదు. స్కాట్లండుదేశపు తాళవాద్యవిదుషి ఈవ్లిన్ గ్లెన్నీగారు, బాల్యమున వినికిడి కోల్పోయినవారు, ఈ అదురును గ్రహించుటకే పాదరక్షలు విడిచి వాయింతురు. లండనులోని రాయల్ సంగీత అకాడమీ మొదట ఆమెను చేర్చుకొనుటకు సందేహించినది. ‘నా వాద్యము విని చెప్పుడు’ అని ఆమె పట్టుపట్టి ప్రవేశము పొందినది. నాయుడుగారిని విజయనగరము అడిగిన ప్రశ్నయే, లండనులో ఆమె తనను అడుగుమని అడిగి అడిగించుకొన్నది. అభినయదర్పణము చెప్పిన అసంయుతహస్తములు, అనగా ఒంటిచేతి ముద్రలు, 28. సంజ్ఞాభాషలో పుట్టి పెరిగిన బధిరబాలునికి వ్రేళ్లతో అర్థము చెప్పుట మాతృభాష. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రమేర్పడి, 2021 నాటికి 10,000 పదముల నిఘంటువును సిద్ధపఱచినది. ఆ నిఘంటువును, అభినయదర్పణమును ఎదురెదురుగా నుంచి చదువు పండితుడు మనలోనుండి రావలెనని నా కోరిక.

చక్రాలకుర్చీ నృత్యములందు నన్ను మిక్కిలి ఆకర్షించినది వేఱొకటి. కుర్చీ కదలవలెనన్న చేతులు చక్రముపై నుండవలెను. చేతులు చక్రముపై నున్నప్పుడు హస్తము పట్టుటకు వీలులేదు. కావున గమనమును, అభినయమును ఒకదాని తరువాత ఒకటిగా కూర్పవలసివచ్చును. చక్రమును ఒక్క త్రోపు త్రోసి, కుర్చీ తన వేగమున తాను తిరుగుచుండగా చేతులెత్తి శిఖరహస్తము పట్టిన నర్తకిని చూచితిని. ఆ తిరుగుడు సమమునకు సరిగా ఆగినది. పాదములతో చేయు ఏ భ్రమరియందును ఆ జారుడు లేదు.

పశ్చిమదేశములందు ఈ కృషి సంఘటితముగా సాగినది. ఇంగ్లండునందు 1980లో గ్రేయీ నాటకసంఘమును, 1991లో క్యాండోకో నృత్యసంఘమును వెలసినవి. మనదేశమున కలకత్తాయందు 1996లో బ్లైండ్ ఒపెరా వెలసినది. అయినను సంపన్నదేశములకు సమస్యలు తీరిపోయినవని భ్రమింపరాదు. 2019 జూనులో న్యూయార్కునందు టోనీ పురస్కారమును గెలిచిన ఆలీ స్ట్రోకరుగారు, చక్రాలకుర్చీలో తిరుగు నటులలో ఆ గౌరవము నందిన ప్రథమురాలు. ప్రేక్షకులు కూర్చుండుచోటినుండి వేదికకు ఎక్కుటకు వాలుబాట లేకపోవుటచే, తక్కినవారందఱు సభలో తమవారి నడుమ కూర్చుండగా ఆమె తెరవెనుకనుండి రావలసివచ్చెను. అంతటి సభలోను మెట్లు లెక్కపెట్టినవారు లేరు. నా అపరాధమునకు ఇది సమర్థనము కాదు.

శాసనములు మనకు లేకపోలేదు. సాంస్కృతికజీవనమున పాల్గొను హక్కును 30వ అధికరణమున చెప్పిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారతదేశము 2007లో ఆమోదించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 29వ విభాగమున, కళావిషయక పాఠ్యక్రమములను వికలాంగులు పాల్గొనుటకు వీలుగా మార్చవలెనని ప్రభుత్వములను ఆదేశించినది. 2024 జూలైలో సుప్రీముకోర్టు చలనచిత్రములలో వికలాంగులను చిత్రించు తీరును గూర్చి, అపహాస్యమునకును అవగాహనతో కూడిన హాస్యమునకును గల భేదమును చూపి మార్గదర్శకములు చెప్పినది. ఇవి యన్నియు గొప్పవే. కాని సంగీతపాఠశాల ప్రవేశపత్రమును చేత పట్టుకొని గుమ్మమున నిలిచిన తండ్రికి సమాధానము చెప్పువాడు శాసనకర్త కాడు, ఆ గదిలోని గురువు. పరిషత్తు నాటకములలో నత్తివానిని, కుంటివానిని నవ్వులకొఱకు ప్రవేశపెట్టు రచయితయు, ఆ నవ్వునకు మార్కులు వేయు న్యాయనిర్ణేతయు మనలోనివారే. ఆ పాత్రలను వ్రాయుట మానుట ఈ రాత్రినుండియే సాధ్యము.

ఆ గాయనీమణి సంగతి చెప్పి ముగింతును. మఱుసటి యేడు ఆమెనే మరల పిలువవలెనని నేను పట్టుపట్టితిని. పందిళ్లు వేయు మేస్త్రిని వెంటబెట్టుకొని ఉత్సవమునకు నెలదినములముందే ఆ భవనమునకు పోతిని. ఏడు మెట్లు, ఒక్కొక్కటి 6 అంగుళములు. వెరసి 42 అంగుళముల ఎత్తు. అంగుళము ఎత్తునకు అడుగు నిడివి యుండవలెనన్నది నియమము. అనగా 42 అడుగుల వాలుబాట. మేస్త్రి తల గోకికొని, “అంత చోటెక్కడిదండీ, సగంలో కోసేద్దాం, ఇద్దరం వెనకనుంచి తోస్తాం” అనెను. తోయుట వలదంటిని. ప్రక్క తలుపునుండి గోడవెంబడి కొంతదూరము పోయి, నడుమ నిలుచుటకు చదునైన చోటు విడిచి, అటనుండి వెనుకకు మరలి వేదిక ఎడమప్రక్కకు చేరునట్లు సర్వీకఱ్ఱలతో కట్టి, పైన మందమైన పలకలు బిగించి, జాఱకుండ కొబ్బరిపీచు పట్టాలు పఱచి, ఇరువైపుల చేపట్టుకఱ్ఱలు కట్టించితిమి. ఖర్చు ఆ ఏటి పూలదండల ఖర్చుకంటె కొంచెమే యెక్కువ.

ఆ సాయంకాలము ఆమె ఒంటరిగానే చక్రములు త్రిప్పుకొనుచు ఎక్కినది. మలుపువద్ద ఆగి ఊపిరి పీల్చుకొని, మరల బయలుదేరినది. తంబురా అప్పటికే మ్రోగుచుండెను. ఆమె వెనుకనే, మోకాళ్లనొప్పులతో బాధపడుచున్న మృదంగవిద్వాంసుడు, మెట్లవంక చూచి, మనసు మార్చుకొని, చేపట్టుకఱ్ఱ నానుకొని ఆ దారినే నెమ్మదిగా వచ్చెను. ఫిడేలుపెట్టె మోయు కుఱ్ఱవాడును అటే వచ్చెను. సభలోనివారు తమలో తాము మాటాడుకొనుచుండిరి. కొందఱు విసనకఱ్ఱలు విసరుకొనుచుండిరి. వేదికవంక ప్రత్యేకముగా చూచినవారు లేరు. ఆమె శ్రుతి సరిచూచుకొని వర్ణము మొదలుపెట్టినది. ఆనాడు పాట ముగిసిన తరువాతనే చప్పట్లు వినబడినవి.